తెరకు వేరే ప్లగ్గు

శనివారం మధ్యాహ్నం మూడున్నరకు గేమ్స్ హాల్లో మూల ఉన్న మెషిన్‌ను ఎవరో ఆపి, మళ్లీ వేశారు. రెండేళ్లుగా దాని తెర మీద మొదటి స్థానంలో ఉన్న స్కోరు పోయింది.

స్కోరు హాలు యజమానురాలిది. కోడలు వచ్చి కౌంటర్లో కూర్చున్నప్పటి నుంచి ఆటకు వచ్చేవాళ్లు కూడా ఆవిడను అత్తగారు అనే అంటున్నారు. నడుముకు తాళాల గుత్తి వేలాడుతుంది. హాల్లో ఉన్న తాళం కప్పల కన్నా గుత్తిలో ఉన్న తాళం చెవులు ఎక్కువ. ఆవిడ తలుపు దాటకముందే గుత్తి వినిపిస్తుంది. ఆ చప్పుడుకు కుర్రాళ్లు స్టూళ్ల మీద పెట్టిన కాళ్లు దించుతారు. కొడుకు ఫోను జేబులో పెట్టుకుంటాడు.

మెషిన్ పాతది. మనిషెత్తు చెక్క పెట్టె, లోపల గాజు ట్యూబు తెర, ముందు ఒక కర్ర, రెండు బటన్లు. పైనుంచి రాళ్లు పడుతుంటాయి, కింద నుంచి కాల్చాలి. స్విచ్ ఆపితే స్కోర్లు చెరిగిపోతాయి. అందుకని అత్తగారు దాన్ని ఆపనివ్వలేదు. హాలు మూసి అందరూ ఇంటికి వెళ్లాక కూడా రాళ్లు పడుతూనే ఉండేవి. కరెంటు పోతే హాల్లో లైట్లు, ఫ్యాన్లు ఆగేవి. ఆ మెషిన్ ఆగేది కాదు. దానికొక్కదానికే ఇన్వర్టర్ పెట్టించారు.

స్కోరు ఎనభై నాలుగు వేల చిల్లర. దాని పక్కన పేరు ఏ ఏ ఏ. ఆట అయ్యాక మూడక్షరాలు ఎంచుకోమని మెషిన్ అడుగుతుంది. అడిగిన సమయానికి అత్తగారు కొడుకును పిలుచుకు రావడానికి వెళ్లారు. వచ్చేసరికి గడువు దాటిపోయి మెషిన్ తనంతట తాను మూడు 'ఏ'లు వేసుకుంది. ఆ ఆటను చూసిన మనిషి లేడు.

రెండో స్థానంలో ఉన్నది పక్క దుకాణం బార్బరు. గడ్డానికి నురగ పట్టించిన మనిషిని కుర్చీలో వదిలి వచ్చి ఒక ఆట ఆడి వెళ్తుంటాడు. అత్తగారు అతన్ని పేరు పెట్టి పిలవడం మానేశారు.

"ఏం రెండో నంబరూ, ఇవాళ కూడా రెండేనా?"

"ఏ ఏ ఏ అంటే మీరేనని రుజువేంటండీ? మా చిన్నాన్న కూడా కావచ్చు."

"మీ చిన్నాన్న కిందే నీ బతుకు తెల్లారుతోందని ఒప్పుకో అయితే."

కౌంటర్లో కూర్చున్న మొదటి వారంలోనే కోడలు చెప్పింది, ఆ మెషిన్ ఈల వేస్తోందని. సన్నగా, ఆగకుండా, పొద్దున తలుపు తీసిన దగ్గర్నుంచి. సాయంత్రానికి తల పగిలిపోతోందని.

"నాకేం వినపడటం లేదే," అన్నారు అత్తగారు. కొడుకును అడిగారు. కొడుకు తల్లి మొహం చూసి, తనకూ వినపడటం లేదన్నాడు.

బడి పిల్లలకు వినపడింది. ఆ మూలకు వెళ్లినవాళ్లు చెవులు మూసుకుని వెనక్కి వచ్చేవారు. కోడలు అది చూపించింది.

"నా స్కోరు చూసి హడలిపోతున్నారు," అన్నారు అత్తగారు.

గురువారం కోడలు చెవుల్లో దూది పెట్టుకుని కూర్చుంది. ఎవరో టోకెన్లు అడిగితే రెండుసార్లు చెప్పించుకుంది. అత్తగారు అక్కడే తేల్చేశారు. శనివారం మెకానిక్‌ను పిలిపిస్తానని, అతను ఈల ఉందంటే బాగు చేయిస్తానని, లేదంటే సోమవారం నుంచి కౌంటర్లో తన తమ్ముడి కూతురు కూర్చుంటుందని చెప్పారు.

"దానికి ఈలలూ గోలలూ వినపడవు," అన్నారు.

కోడలికి ఆ కౌంటర్ కావాలి. పెళ్లయ్యాక ఇంటి గుమ్మం దాటడానికి ఆమెకు దొరికిన దారి అదొక్కటే. ఆ మాట ఆమె భర్తకు చెప్పింది. అతను అమ్మతో మాట్లాడతానన్నాడు. మాట్లాడలేదు.

శనివారం పదకొండింటికి మెకానిక్ వచ్చాడు. అరవై దాటినవాడు. వాకిట్లో నిలబడి వింటే టీవీ సెట్టు లోపల ఏ పార్టు పోయిందో చెప్పగలడని అతనికి పేరు. ఆ పేరు అతనే పెట్టుకున్నాడు. మెషిన్ వెనక చెక్క తలుపు తీసి, తల లోపల పెట్టి, కళ్లు మూసుకుని విన్నాడు.

"ఏ ఈలా లేదక్కగారూ," అన్నాడు. "ట్యూబు సెట్ల కాలం నుంచి ఇదే పని. ఈల ఉంటే నాకు తెలీకుండా ఉంటుందా?"

"విన్నావా?" అన్నారు అత్తగారు కోడలితో.

"ఇప్పుడు కూడా వేస్తోంది అత్తయ్యా."

"ఎక్కడమ్మా వేసేది?" మెకానిక్ నవ్వాడు. "తలనొప్పికి మెకానిక్‌ని పిలిస్తే ఎలా? డాక్టర్ని పిలవాలి."

కోడలు కౌంటర్ సొరుగులోంచి చెక్క స్కేలు తీసుకొచ్చింది. "అంకుల్, మీరు లోపల ఒక్కొక్కటీ దీంతో నొక్కండి. నేను గోడవైపు తిరిగి నిలబడతాను. ఈల ఎప్పుడు ఆగిందో చెప్తాను. తప్పు చెప్తే సోమవారం దాకా అక్కర్లేదు, ఇప్పుడే లేచిపోతాను."

మెకానిక్ అత్తగారి వైపు చూశాడు. అత్తగారు కానివ్వమన్నారు. బార్బరు చేతిలో కత్తెరతోనే వచ్చి నిలబడ్డాడు.

మెషిన్ నడుస్తోంది. మెకానిక్ ఎడమ చెయ్యి వీపు వెనక పెట్టుకున్నాడు. కరెంటున్న ట్యూబు సెట్టులో రెండు చేతులూ పెట్టకూడదని ఆ పని తెలిసినవాళ్లకు తెలుసు. కుడిచేత్తో స్కేలు కొన ట్రాన్స్‌ఫార్మర్ మీద ఆనించి నొక్కాడు.

"ఉంది," అంది కోడలు గోడ వైపు చూస్తూ.

పక్కనున్న కెపాసిటర్ మీద ఆనించాడు.

"ఉంది."

దాని వెనక చిన్న కాయిల్. తెర మీద బొమ్మ వెడల్పును సరిచేసేది అదే. దాని మీద నొక్కాడు.

"ఆగింది."

మెకానిక్ స్కేలు తీశాడు.

"మళ్లీ వచ్చింది."

మెకానిక్ స్కేలును గాల్లో పట్టుకుని, "ఇప్పుడు నొక్కాను, చెప్పమ్మా," అన్నాడు.

"నొక్కలేదు. ఉంది."

బార్బరు ఫక్కున నవ్వాడు. అత్తగారు స్కేలు లాక్కుని, మెకానిక్ వేలు పెట్టి చూపించిన చోట తానే నొక్కారు, తీశారు, నొక్కారు. కోడలు ఆగింది, వచ్చింది, ఆగింది అంది. ఒక్కటీ తప్పలేదు.

"అలవాటైపోయింది దానికి," అన్నారు అత్తగారు. "దేనికి అలవాటైందో అడక్కండి."

మెకానిక్ స్కేలు తీసుకుని కాయిల్‌ను ఇంకోసారి నొక్కి చూశాడు. అతనికి అప్పుడు కూడా ఏమీ వినపడలేదు. ఆ సంగతి అతను సాయంత్రం బార్బరు దగ్గర ఒప్పుకున్నాడు. హాల్లో మాత్రం, "ఈ కాయిల్ మీద నాకు వచ్చినప్పటి నుంచీ అనుమానమే," అన్నాడు.

"మరి లేదన్నారు?" అన్నాడు బార్బరు.

"నువ్వు జుట్టు చూసుకోవయ్యా."

తేలింది ఇదీ. కాయిల్ మధ్యలో ఉన్న కడ్డీ కదలకుండా జిగురుతో అంటిస్తారు. ఆ జిగురు ఎండి రాలిపోయింది. కడ్డీ వదులై, కరెంటు వెళ్తున్నంతసేపూ అదురుతోంది. ఆ అదురు ఎంత సన్నని కూత అంటే, వయసు మీద పడ్డ చెవికి అందదు.

"జిగురు ఎందుకు ఎండుతుంది?" అన్నాడు కొడుకు.

"రెండేళ్లు రాత్రీ పగలూ ఆపకుండా కాలిస్తే జిగురేంటి, నేనైనా ఎండుతాను," అన్నాడు మెకానిక్.

పని చిన్నదే. కాయిల్‌కు వార్నిష్ పోయాలి, అది ఆరేదాకా తెరకు కరెంటు ఉండకూడదు. స్విచ్ ముట్టుకోవడానికి వీల్లేదని అత్తగారు మెషిన్‌కు అడ్డంగా నిలబడ్డారు.

"ఫోటో తీసి పెట్టుకోమ్మా," అన్నాడు కొడుకు.

"ఫోటోలో ఎవరైనా మొదటి నంబరే."

"స్కోరు ఎక్కడికీ పోదక్కగారూ. నాకు వదిలెయ్యండి," అన్నాడు మెకానిక్.

"ఆపితే పోదా? ఎలా పోదు?"

"చెప్తే గంట పడుతుంది. చెప్పినా మీ బుర్రకెక్కేది కాదు."

చెప్పడానికి గంట పట్టదు. స్కోరు ఉండేది కింద ఉన్న ఆట బోర్డులో. తెరకు కరెంటు వచ్చేది వేరే ప్లగ్గు గుండా. ఆ ప్లగ్గొక్కటి పీకితే తెర చీకటవుతుంది, బోర్డు నడుస్తూనే ఉంటుంది, స్కోరు అందులోనే ఉంటుంది. మెకానిక్ అత్తగారికి ఈ మూడు ముక్కలు చెప్పలేదు. కోడలు పక్కనే నిలబడి అతను ఏ ప్లగ్గు పీకాడో చూసింది. "అంటే బోర్డు ఇంకా నడుస్తోందన్నమాట," అంది. అతను తలూపాడు.

తెర చీకటైంది. మెకానిక్ తీగ కట్టిన స్క్రూడ్రైవరుతో ట్యూబులో మిగిలిన కరెంటును దించాడు. టప్పుమంది. కాయిల్‌కు వార్నిష్ పోసి, వెనక తలుపు దగ్గరగా వేసి, భోంచేసి వస్తానని వెళ్లాడు. కొడుకూ అతనితో వెళ్లాడు. అత్తగారు తెర ఆపకముందే ఇంటికి వెళ్లిపోయారు. ఆ మెషిన్ పొట్ట విప్పి ఉంటే చూడలేనన్నారు.

కోడలు అట్టముక్క మీద "తెర మాత్రమే ఆపాం. స్విచ్ ముట్టుకోవద్దు" అని రాసి మెషిన్‌కు తగిలించింది. తర్వాత కౌంటర్‌కు వెళ్లింది. కౌంటర్‌కూ ఆ మూలకూ మధ్య చెక్క అడ్డుగోడ ఉంది. అటు జరిగేది ఇటు కనపడదు.

మూడున్నరకు మెషిన్ పాట పాడింది. స్విచ్ వేసినప్పుడు మాత్రమే పాడే పాట అది, రెండేళ్లుగా ఎవరూ వినలేదు. కౌంటర్లో కోడలు విన్నది. దుకాణంలో బార్బరు విన్నాడు. కోడలు లేచి వెళ్లేసరికి మూలలో ఎవరూ లేరు. అట్టముక్క కింద పడి ఉంది. తెర చీకటిగానే ఉంది.

అత్తగారు హాలు గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చుని విసురుకుంటున్నారు.

"మెషిన్ దగ్గరకి వెళ్లారా అత్తయ్యా?"

"నేనెందుకెళ్తాను? ఇప్పుడే వచ్చి కూర్చున్నాను."

నాలుగు దాటాక మెకానిక్, కొడుకు వచ్చారు. మెకానిక్ వేలితో వార్నిష్ తాకి చూసి, తెర ప్లగ్గు పెట్టాడు. తెర వెలిగింది.

"ఈల?" అన్నాడు కొడుకు.

"లేదు," అంది కోడలు.

మెకానిక్ చేతులు తుడుచుకుంటూ, "చెప్పానా?" అన్నాడు.

తెర మీద స్కోర్ల పట్టిక వచ్చింది. పైన ఏ ఏ ఏ.

"అదిగో ఉంది," అన్నారు అత్తగారు. మొహం విప్పారింది. "చూశావా రెండో నంబరూ?"

బార్బరు ముందుకు వంగి అంకె చదివాడు. "పదివేలండి."

"ఎంత?"

"పదివేలు. కంపెనీవాళ్లు వేసి పంపే స్కోర్లు ఇవి. కింద బీ బీ బీ, సీ సీ సీ కూడా ఉన్నాయి చూడండి. నాది కూడా పోయింది." అతను పై వరుస మీద వేలు పెట్టాడు. "ఏ ఏ ఏ మీరే అయితే ఇదీ మీదేనండి."

అత్తగారు అంకెల వైపు గుడ్లప్పగించి చూశారు. తర్వాత మెకానిక్ మీద పడ్డారు.

"పోదన్నావు!"

"నేను స్విచ్ ముట్టుకోలేదు. ఎవరో ఆపి వేశారు. ఆపితే తప్ప ఇవి రావు."

"కరెంటు పోయుంటుంది," అన్నారు అత్తగారు.

"దీనికి ఇన్వర్టర్ ఉంది కదమ్మా," అన్నాడు కొడుకు.

అత్తగారు కోడలి వైపు తిరిగారు. "అయితే ఇంకెవరు? హాల్లో ఉన్నది నువ్వొక్కదానివే. పొద్దున్నుంచీ దీని మీద కక్ష కట్టింది నువ్వే. సోమవారం నుంచి నువ్వు రానక్కర్లేదు. మా తమ్ముడికి ఇప్పుడే ఫోన్ చేస్తున్నాను."

ఫోను చేతిలోకి తీసుకున్నారు. కొడుకు నేల చూశాడు.

"మూడున్నరకు పాట వినపడింది," అంది కోడలు. "అప్పుడు నేను కౌంటర్లో ఉన్నాను. టోకెన్లు కొన్న ఇద్దరు ఇంకా ఇక్కడే ఆడుతున్నారు, వాళ్లనడగండి."

ఎర్ర మెషిన్ దగ్గరున్న ఇద్దరూ ఆడటం ఆపి తలూపారు.

"పాట నేనూ విన్నానండి," అన్నాడు బార్బరు. "కస్టమర్ చెవి దగ్గర కత్తి ఉంది. ఉలిక్కిపడ్డాను. ఆ చెవి ఉండటం వాడి అదృష్టం."

"వింటే విన్నావు. ఎవరు ఆపారో పాట చెప్పదుగా?"

"పాటకు ముందు ఇంకో చప్పుడు వినపడింది అత్తయ్యా," అంది కోడలు. "ముందు అట్ట చింపిన చప్పుడు. తర్వాత స్విచ్ టక్కుమంది. కాసేపాగి మళ్లీ టక్కుమంది. అప్పుడు పాట."

"అయితే?"

"అట్టకు ముందు తాళాల గుత్తి వినపడింది. పాట తర్వాత మళ్లీ వినపడింది. గుమ్మం దాకా."

అత్తగారి చెయ్యి నడుము మీదికి వెళ్లింది. గుత్తి గలగలమంది. ఆవిడ దాన్ని పిడికిట్లో బిగించారు.

"దీనికన్నీ వినపడతాయి," అన్నారు అత్తగారు, ఎవరితోనూ కాకుండా. "లేని ఈలలు వినపడతాయి, లేని తాళాలు వినపడతాయి."

"ఈల ఉందక్కగారూ," అన్నాడు మెకానిక్. మాట బయటికి వచ్చాక అతను కాస్త తడబడ్డాడు. "అంటే, ఉండేది. స్కేలుతో మీరే నొక్కారు కదా. ఒక్కటీ తప్పలేదు. మీ కోడలి చెవులు మాత్రం చురుకైనవి."

కొడుకు తలెత్తాడు. "అమ్మా, నువ్వు ఆపావా?"

"తెర నల్లగా చచ్చి పడుంటే ఏం చెయ్యమంటావురా?" అత్తగారి గొంతు హాలంతా వినపడింది. "నా స్కోరు పోయిందేమోనని గుండె ఆగినంత పనైంది. ఇంట్లో టీవీ నల్లబడితే ఆపి వెయ్యమా? ఆపి వేస్తే రాదా? అలాగే చేశాను. తెర నల్లబడినా లోపల నడుస్తుందని నాకెవడు చెప్పాడు?"

"అట్ట మీద రాశాను అత్తయ్యా."

"నా మెషిన్ మీద నాకు బోర్డా? చదవలేదు."

మెకానిక్ తన స్క్రూడ్రైవర్లు సర్దుకోవడం మొదలుపెట్టాడు.

"నువ్వు చెప్పొచ్చుగా?" అన్నారు అత్తగారు అతనితో. "తెరకు వేరే ప్లగ్గని ఒక్క ముక్క!"

"చెప్తే మీకు ఎక్కుతుందనుకోలేదు."

"ఎక్కాల్సిన దానికి ఎక్కిందిగా?" అని కోడలి వైపు చెయ్యి విసిరారు. ఆ మాట మెచ్చుకోలు కాదు. అయినా అక్కడున్న నలుగురూ విన్నారు.

ఫోను ఇంకా ఆవిడ చేతిలోనే ఉంది. తమ్ముడి నంబరు మోగుతోంది. అవతల ఎవరో హలో అన్నారు. అత్తగారు, "ఏం లేదురా, ఊరికే," అని పెట్టేశారు.

తర్వాత కౌంటర్ దగ్గరికి వెళ్లి టోకెన్ అడిగారు. కోడలు ఇచ్చింది. మెషిన్ ముందు నిలబడి ఆడారు. బార్బరు కస్టమర్‌ను వదిలేసి వెనక నిలబడి చూశాడు. రాళ్లు పడ్డాయి. ఆట తొందరగానే అయిపోయింది. స్కోరు ఆరువేల చిల్లర. కంపెనీవాళ్ల పట్టికలో నాలుగో స్థానం. పేరుకు మూడక్షరాలు అడిగింది. ఈసారి అత్తగారు కదల్లేదు. కర్ర అటూ ఇటూ తిప్పి, ఏ బటన్ నొక్కాలో తెలియక నిలబడ్డారు. గడువు అయిపోయింది. మెషిన్ మూడు 'ఏ'లు వేసుకుంది.

"నాలుగో నంబరండీ," అన్నాడు బార్బరు.

అతనూ ఒక ఆట ఆడాడు. పదకొండు వేలు దాటింది. మూడక్షరాలూ ఒత్తి ఒత్తి నొక్కాడు. ఈసారి అతని పైన ఎవరూ లేరు.

ఆ సాయంత్రం హాలు మూసేటప్పుడు మెషిన్ స్విచ్ ఆపారు. బార్బరు ఆపొద్దన్నాడు. అత్తగారే ఆపారు.

సోమవారం కౌంటర్లో కోడలు కూర్చుంది. చెవుల్లో దూది లేదు. పది గంటలకు అత్తగారు హాల్లోకి వచ్చారు. ఆవిడ వచ్చినట్టు ఎవరికీ తెలియలేదు. కొడుకు చేతిలో ఫోను ఉంది. స్టూలు మీద ఒక కుర్రాడి కాళ్లున్నాయి.

తాళాల గుత్తికి గుడ్డ చుట్టి ఉంది.